విదేశయానం – వైద్య బీమా ఆవశ్యకత

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లుల గురించి నాకంటే సమర్థులు ఇంతకుముందే మాట్లాడారు. నేను సాధారణ బీమా రంగంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయినవాణ్ణి. ఆ సర్వీసులో ఎక్కువ భాగం క్లెయిము కాగితాల మధ్యనే గడిచింది. అందుచేత నాకు తెలిసిన ఒక్క విషయమే మనవి చేస్తాను.

ఒకప్పుడు మనవాళ్ళు రిటైరయితే కాశీ, రామేశ్వరం వెళ్ళి వచ్చేవారు. ఇప్పుడు ఏ ఊరి పెన్షనర్ల సమావేశంలో చూసినా నలుగురైదుగురు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉండి సమావేశానికి రాలేకపోతున్నారు. అమ్మాయికి పురుడు పోయడానికి కొందరు, మనవడిని చూసుకోవడానికి కొందరు, అబ్బాయి కొత్త ఇంటి గృహప్రవేశానికి కొందరు వెళుతున్నారు. సంతోషించవలసిన విషయం. పెట్టె 23 కిలోలు దాటకూడదని ఆవకాయ, కందిపొడి, సున్నుండలు మూడుసార్లు తూచి సర్దుతాం. వైద్య బీమా కాగితం మాత్రం అబ్బాయే చూసుకున్నాడులే అని ఒక్కసారి కూడా చదవం. దాన్ని ఎందుకు చదవాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మన కార్డులు సముద్రం దాటవు

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు మనలో చాలామంది దగ్గర ఉంది. 70 ఏళ్ళు నిండినవారికి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స సదుపాయం వచ్చింది. ఇవన్నీ మన దేశంలోని ఆసుపత్రుల కోసం ఏర్పడినవి. అబ్బాయి ఇంట్లో ఉండగా జబ్బు చేస్తే ఈ కార్డు చూపించి అక్కడి ఆసుపత్రిలో చేరడం కుదరదు. మనం ఇక్కడ సొంతంగా కట్టుకునే మెడిక్లెయిము పాలసీలు కూడా చాలావరకు ఈ దేశంలో జరిగే చికిత్సకే వర్తిస్తాయి.

రెండో అపోహ, అబ్బాయి కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు ఉంది కదా అన్నది. అమెరికాలో ఉద్యోగి బీమాలో భార్య లేక భర్త, పిల్లలు చేరతారు. విజిటర్ వీసా మీద వెళ్ళిన తల్లిదండ్రులు సాధారణంగా అందులో చేరరు. అక్కడి వృద్ధులకు ప్రభుత్వం నడిపే మెడికేర్ కూడా చుట్టపుచూపుగా వెళ్ళినవారికి లేదు. గ్రీన్ కార్డు వచ్చినవారికైనా, అక్కడ తగినంత కాలం ఉద్యోగం చేసిన చరిత్ర లేకపోతే, 65 ఏళ్ళు నిండి వరుసగా 5 ఏళ్ళు నివాసం ఉన్న తరువాతే ప్రీమియం కట్టి చేరే అవకాశం వస్తుంది.

ఇక ఖర్చు సంగతి. అమెరికా ప్రభుత్వమే నడిపే ఆరోగ్య బీమా సమాచార కేంద్రం తమ పౌరులకు చెబుతున్న లెక్క ఇది: విరిగిన కాలికి వైద్యం 7,500 డాలర్ల దాకా కావచ్చు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంటే సగటున 30,000 డాలర్ల వరకు అవుతుంది. డాలరుకు 85 రూపాయల చొప్పున వేసుకున్నా మొదటిది 6 లక్షల 37 వేల 500, రెండోది 25 లక్షల 50 వేలు. మనలో చాలామందికి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ కలిపి వచ్చిన మొత్తం అంత ఉండదు. ఇక్కడ 2005 నుంచి 108కి ఫోను చేస్తే అంబులెన్సు ఉచితంగా వస్తోంది. అమెరికాలో 911కి ఫోను చేస్తే అంబులెన్సు నిమిషాల్లో వస్తుంది, ఆ వెనుకే దాని బిల్లూ వస్తుంది.

అన్ని దేశాలూ ఒకటి కావు. బ్రిటన్‌లో ఎమర్జెన్సీ విభాగంలో చేసే ప్రథమ వైద్యానికి ఎవరినీ డబ్బు అడగరు. కానీ ఆసుపత్రిలో చేర్చుకున్న క్షణం నుంచి సందర్శకులకు అక్కడి జాతీయ ధర మీద ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. 500 పౌండ్లు, అంతకు పైబడి బాకీ ఉంచి వస్తే మళ్ళీ వీసా అడిగినప్పుడు అది అడ్డుపడవచ్చు. ఆస్ట్రేలియా కొన్ని దేశాలతో పరస్పర వైద్య ఒప్పందం చేసుకుంది, అందులో భారతదేశం లేదు. షెంగెన్ ఒప్పందంలో ఉన్న 29 ఐరోపా దేశాలకు వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించి తీరాలి. కెనడా 2011 డిసెంబరులో ప్రవేశపెట్టిన సూపర్ వీసాకు కనీసం 1,00,000 కెనడా డాలర్ల బీమా ఏడాది పాటు ఉండాలి. అమెరికా విజిటర్ వీసాకు మాత్రం ఇటువంటి నిబంధన లేదు. ఖర్చు అన్నిటికంటే ఎక్కువయిన చోటనే అడిగేవారు లేరు. అందువల్లనే మనవాళ్ళు ఎక్కువమంది అక్కడికే బీమా లేకుండా వెళుతున్నారు.

డబ్బు కంటే పెద్ద విషయం

ఇంతవరకు చెప్పింది డబ్బు మాట. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరే ఉంది.

మన తరం మనుషులం నొప్పిని దాచుకోవడానికి అలవాటు పడ్డవాళ్ళం. ఇక్కడైతే గుండెల్లో కాస్త పట్టినట్టుంటే వీధి చివరి డాక్టరు గారి దగ్గరికి మనమే నడిచి వెళతాం. అక్కడ అబ్బాయి కారు తీస్తే తప్ప గడప దాటలేం. వాడి ఇంటి అప్పు, వాడి ఉద్యోగం, కోడలి సెలవులు అన్నీ కళ్ళముందు కనిపిస్తూ ఉంటాయి. ఇప్పుడు చెబితే వీడి నెత్తిన ఎంత పడుతుందో అనుకుని గ్యాసు మాత్ర వేసుకుని పడుకుంటాం. ప్రాణం మీదికి తెచ్చేది ఆ జబ్బు ఒక్కటే కాదు, ఈ మొహమాటం కూడా.

ఒక ఉదాహరణ చెబుతాను. పేర్లు, ఊళ్ళు అనవసరం. నేను రిటైరయ్యాక ఒక కుటుంబం ఒక తిరస్కరణ ఉత్తరం పట్టుకుని సలహా కోసం వచ్చింది. ఆయన ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు, వయసు 68. బి.పి. ఉంది, అంతకుముందు గుండెకు స్టెంటు కూడా వేశారు. అమెరికాలో కొడుకు దగ్గర ఉండగా శుక్రవారం సాయంత్రం ఛాతీలో బరువు మొదలయింది. అబ్బాయికి చెప్పవద్దని భార్య దగ్గర మాట తీసుకున్నారు. శనివారం పార్కుకు కూడా వెళ్ళి వచ్చారట. ఆదివారం రాత్రి చెమటలు పట్టి కూలబడిపోతే అంబులెన్సులో తీసుకువెళ్ళారు. ప్రాణం దక్కింది. కానీ అప్పటికే గుండె కండరం చాలావరకు దెబ్బతిన్నది. మునుపు రెండు మైళ్ళు నడిచే మనిషి, ఇప్పుడు స్నానానికి లేస్తేనే ఆయాసపడుతున్నారు.

ఆయనకు బీమా లేదా? ఉంది. కొడుకు మంచి పాలసీయే కొన్నాడు. అందులో పాత జబ్బు హఠాత్తుగా తిరగబెడితే చికిత్స ఖర్చు ఇస్తామని రాసి ఉంది. అయితే లక్షణాలు మొదలైన 24 గంటలలోగా వైద్యం పొంది ఉండాలి అన్న షరతు కూడా దాని పక్కనే ఉంది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు, రెండు రోజులుగా ఛాతీ నొప్పి అని కేసు షీటులో రాశాడు. ఆ మాట ఆయన భార్యే చెప్పింది, నిజమే చెప్పింది. క్లెయిము తిరస్కరించారు.

నేను ఆ పాలసీ నిబంధనలు వారి ఎదుటే మొదటినుంచీ చదివాను. కొడుకు అంతా విని ఒక్క మాట అన్నాడు: "నాన్నకు పాలసీ ఉందని తెలుసు అంకుల్, అది దేనికి పనికొస్తుందో తెలియదు."

సోదరులారా, ఆ అబ్బాయి మాటలోనే మన పాఠం ఉంది. పెద్దవాళ్ళకు తెలియని పాలసీ బీరువాలో ఉన్న మందులాంటిది. గుండెపోటులో మూసుకున్న రక్తనాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం మిగులుతుంది. పక్షవాతంలో గడ్డను కరిగించే మందు సామాన్యంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ఇటువంటి సమయంలో ఖర్చు గురించి ఆలోచించవలసిన అవసరం మనకు రాకుండా చేయడమే బీమా చేసే అసలు మేలు. నొప్పి వచ్చిన వెంటనే నోరు విప్పి చెప్పగలగడానికి కట్టే రుసుమే ఆ ప్రీమియం.

ఇంకొక మాట కూడా తెలిసి ఉండాలి. బీమా లేకపోయినా భయపడి ఇంట్లో ఉండిపోకూడదు. అమెరికాలో 1986లో చేసిన చట్టం ప్రకారం, మెడికేర్ డబ్బు తీసుకునే ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి ఎవరు వచ్చినా, డబ్బు కట్టగలరా లేదా అని చూడకుండా పరీక్ష చేయాలి, ప్రాణాపాయం ఉంటే నిలకడకు తేవాలి. బిల్లు తరువాత వస్తుంది, నిజమే. బిల్లు గురించి మాట్లాడుకోవడానికి మనిషి మిగిలి ఉండాలి కదా!

పాలసీలలో రకాలు

ఇప్పుడు కొనేటప్పుడు చూడవలసినవి. విదేశయాన వైద్య పాలసీలు స్థూలంగా రెండు రకాలు.

మొదటిది నిర్ణీత మొత్తాల పాలసీ. గదికి రోజుకు ఇంత, డాక్టరు ఒకసారి చూస్తే ఇంత, ఆపరేషనుకు ఇంత అని ముందే పట్టిక వేసి ఉంటుంది. అసలు బిల్లు ఎంతయినా కంపెనీ ఆ పట్టిక ప్రకారమే ఇస్తుంది. ప్రీమియం తక్కువ, మిగిలిన భారం మనది. రెండోది సమగ్ర పాలసీ. ఇందులో మొదట కొంత సొమ్ము మనం భరించాలి, దాన్నే డిడక్టిబుల్ అంటారు. ఆపైన బిల్లులో ఒక భాగం మనం పంచుకోవాలి, తరువాత పరిమితి దాకా మొత్తం కంపెనీ భరిస్తుంది.

ఉదాహరణకు లెక్క వేద్దాం. పాలసీ పరిమితి 1,00,000 డాలర్లు, డిడక్టిబుల్ 250 డాలర్లు, తరువాతి 5,000 డాలర్లలో మన వాటా 20 శాతం, ఆపైన అంతా కంపెనీది అనుకోండి. బిల్లు 30,000 డాలర్లు అయితే మనం కట్టేది 250, దానికి 1,000 కలిపి 1,250 డాలర్లు. అంటే సుమారు 1 లక్షా 6 వేల రూపాయలు. అదే నిర్ణీత మొత్తాల పాలసీలో పట్టిక ప్రకారం అన్నీ కలిపి 9,000 డాలర్లు వచ్చాయనుకుంటే, తక్కిన 21,000 డాలర్లు, అంటే దాదాపు 17 లక్షల 85 వేల రూపాయలు, మన మీదనో అబ్బాయి మీదనో పడతాయి. ప్రీమియంలో మిగిలిన కొద్దిపాటి డబ్బు దీనికి ఏ మూలకు వస్తుంది?

మన దేశంలోని కంపెనీలూ ఈ పాలసీలు ఇస్తాయి, అక్కడి కంపెనీలూ ఇస్తాయి. ఇక్కడివి సాధారణంగా బయలుదేరకముందే తీసుకోవాలి. 60 దాటినవారికి గది అద్దెకు, ఆపరేషనుకు వేరే లోపలి పరిమితులు పెట్టే పాలసీలు ఉన్నాయి. పైన 1,00,000 డాలర్లని పెద్ద అక్షరాలతో ఉన్నా, లోపలి పట్టిక చూడాలి. అక్కడి పాలసీలు అబ్బాయి ఆన్‌లైనులో కొనగలడు. మనం అక్కడికి చేరిన తరువాత కూడా కొనవచ్చు, కానీ కొనకముందు మొదలైన జబ్బుకు అది పనికిరాదు. వయసు 70 దాటితే ప్రీమియం బాగా పెరుగుతుంది, ఎంపిక కూడా తగ్గుతుంది. పాత జబ్బు తిరగబెడితే ఇచ్చే సదుపాయానికి కొన్ని పాలసీలలో వయోపరిమితి వేరుగా ఉంటుంది, అది ప్రత్యేకంగా అడిగి తెలుసుకోవాలి.

మామూలు హెల్త్ చెకప్, ముందే అనుకున్న ఆపరేషను, కళ్ళజోడు, రోజువారీ బి.పి., షుగరు మాత్రలు వంటివి చాలా పాలసీలలో రావు. వైద్యం చేయించుకోవడానికే వెళ్ళినా, ప్రయాణం వద్దని డాక్టరు చెప్పినా వినకుండా వెళ్ళినా క్లెయిము నిలవదు.

నిజం చెప్పడం

ప్రపోజల్ ఫారం నింపేటప్పుడు బి.పి. లేదని, షుగరు లేదని రాసేవాళ్ళు ఉన్నారు. ఏజెంటే అలా రాయమన్నాడని చెప్పేవాళ్ళు ఇంకా ఎక్కువ. సంతకం ఏజెంటుది కాదు, మనది. ఆసుపత్రిలో చేరగానే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, ఏయే మాత్రలు వాడుతున్నారు అని. మన సంచీలోని మాత్రల పట్టీలే మన జబ్బులన్నీ చెప్పేస్తాయి. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఉన్నది ఉన్నట్టు జవాబు రాయండి. పాత జబ్బుకు కంపెనీ కొంతే ఇస్తానంటే ఆ కొంత ఎంతో ఇక్కడే తెలుస్తుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు మన పెద్దలు.

బయలుదేరేముందు, చేరిన తరువాత

కొన్ని ఆచరణ సూచనలు చెబుతాను, రాసుకోదలచినవారు రాసుకోండి.

ఒకటి. మీ డాక్టరు గారి దగ్గర ఒక పేజీ ఉత్తరం ఇంగ్లీషులో తీసుకోండి. జబ్బులు, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు, వాడుతున్న మందులు అందులో ఉండాలి. మందులకు కంపెనీ పేర్లు కాకుండా అసలు రసాయన పేర్లు రాయించండి. ఇక్కడి బ్రాండు పేరు అక్కడి డాక్టరుకు తెలియకపోవచ్చు.

రెండు. మందులు, ప్రిస్క్రిప్షను, పాలసీ కార్డు చేతిసంచీలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వద్దు. ఇన్సులిన్ వాడేవారు కాలమానం మారినప్పుడు మోతాదు ఎప్పుడు తీసుకోవాలో ముందే డాక్టరును అడగండి.

మూడు. పాలసీ నంబరు, 24 గంటలూ పలికే సహాయ కేంద్రం ఫోను నంబరు, అబ్బాయి ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. పగలు ఇంట్లో మనమిద్దరమే ఉంటాం. అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, ఐరోపాలో 112, ఆస్ట్రేలియాలో 000. ఇంగ్లీషు అంతగా రాని అమ్మలు 911లో "తెలుగు" అని అడగవచ్చు, దుబాసీని ఫోనులోకి తెచ్చే ఏర్పాటు చాలాచోట్ల ఉంది.

నాలుగు. జలుబు, చిన్న జ్వరం, కాలు బెణకడం వంటివాటికి అర్జంట్ కేర్ అనే చిన్న క్లినిక్కులు ఉంటాయి, ఎమర్జెన్సీ కంటే ఖర్చు చాలా తక్కువ. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, చెయ్యి కాలు పడిపోవడం, ఊపిరాడకపోవడం అయితే క్లినిక్కుల మాట ఎత్తకుండా వెంటనే 911.

అయిదు. ఆసుపత్రిలో చేరినట్టు సహాయ కేంద్రానికి వీలయినంత త్వరగా, పాలసీలో చెప్పిన గడువులోగా తెలియజేయమని అబ్బాయికి చెప్పండి. ఆలస్యమయితే కొన్ని పాలసీలు చెల్లింపులో కోత పెడతాయి. పాలసీ నెట్‌వర్కులో ఉన్న ఆసుపత్రి అయితే బిల్లు నేరుగా కంపెనీకి పోయే అవకాశం ఎక్కువ.

ఆరు. పాలసీ తిరుగు ప్రయాణం తేదీ దాకా ఉండాలి. 2020 మార్చిలో కరోనా వల్ల అంతర్జాతీయ విమానాలు ఆగిపోయినప్పుడు ఎంతోమంది తల్లిదండ్రులు పిల్లల దగ్గర నెలల తరబడి చిక్కుకుపోయారు. మే 7 నుంచి వందే భారత్ పేరుతో ప్రత్యేక విమానాలు నడిపేదాకా దారి లేకపోయింది. ఉండే కాలం పెరిగితే గడువు ముగియకముందే పాలసీని పొడిగించాలి. ముగిశాక కొత్త పాలసీ తీసుకుంటే, మధ్యలో వచ్చిన జబ్బు పాత జబ్బు కింద లెక్కవుతుంది.

బిల్లు వచ్చిన తరువాత కూడా కంగారుపడి కార్డు గీకేయవద్దు. పద్దులవారీ వివరాలున్న బిల్లు అడగండి. అమెరికాలో లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ, కట్టలేనివారికి ఆర్థిక సహాయం చేసే లిఖిత విధానం ఉండి తీరాలని చట్టం ఉంది. బీమా చాలకపోయినా, లేకపోయినా ఆ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇక్కడి కంపెనీ అన్యాయంగా క్లెయిము తిరస్కరిస్తే ముందు ఆ కంపెనీకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమంజసంగా లేకపోయినా, ఏడాది లోపల ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. మనం అర్జీలు రాయడంలో చేయి తిరిగినవాళ్ళమే కదా!

చివరిగా ఒక అశుభం మాట, మన్నించాలి. పరాయి దేశంలో కన్నుమూస్తే భౌతికకాయాన్ని స్వదేశం చేర్చడానికి అయ్యే ఖర్చు, అక్కడే అంత్యక్రియలు చేస్తే అయ్యే ఖర్చు పాలసీలో ఉన్నాయో లేదో చూసుకోండి. మీ కోరిక ఏమిటో కూడా పిల్లలకు ముందే చెప్పండి. దుఃఖంలో ఉన్న పిల్లలను ఆ నిర్ణయం దగ్గర ఒంటరిగా వదలకూడదు.

ఇంటికి వెళ్ళిన తరువాత మీరు చేయవలసింది ఒకటే. ప్రయాణం ఉన్నవారు అబ్బాయికో అమ్మాయికో ఫోను చేసి పాలసీ కాగితం పంపమనండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని చదవండి. అర్థం కానివి గీత గీసి ఉంచితే, ప్రతి నెలా మొదటి ఆదివారం నేను మన సంఘ కార్యాలయంలో ఉంటాను, కలిసి చదువుదాం. ఆ తరువాత ఇద్దరూ ఒకరికొకరు ఒక మాట ఇచ్చుకోండి: నాకు ఏ నొప్పి వచ్చినా నీ దగ్గరా, పిల్లల దగ్గరా దాచను అని.

మీరందరూ హాయిగా వెళ్ళి, మనవళ్ళతో ఆడుకుని, ఆరోగ్యంగా తిరిగివచ్చి వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ కబుర్లు చెప్పాలని కోరుకుంటున్నాను.